21 రోజులు, 1,800 డాలర్లు: మొదటి విదేశీ ప్రయాణానికి సరిపోతాయా?

మొదటి_అడుగు:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నెలనెలా కొంచెం కొంచెం దాచి 1,800 డాలర్లు పోగేశాను. విమానం టికెట్లు, వీసాలు, బస, తిండి అన్నీ ఇందులోనే రావాలి. అప్పు చేయను, క్రెడిట్ కార్డు గీకను. సెలవు 21 రోజులు దొరికింది. ఇంతవరకు దేశం దాటింది లేదు. పాస్‌పోర్టు తీసుకుని ఏడాది అయింది, ఒక్క ముద్ర కూడా పడలేదు.

నా ప్లాన్ ఇది: థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా, మలేషియా, సింగపూర్, చివర్లో బాలి. ఒక్కో చోట మూడేసి రోజులు. మళ్లీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు కదా, అందుకని వీలైనన్ని చూసేయాలని ఉంది. డబ్బు సరిపోతుందా? ఒంటరిగా వెళ్తున్నాను, అమ్మాయిని. ఇంట్లో ఒప్పించడానికే ఆరు నెలలు పట్టింది. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కలపుస్తకం:
ముందుగా అభినందనలు అమ్మా. అప్పు లేకుండా వెళ్లాలన్న నిర్ణయం చాలా మంచిది.

ఇప్పుడు లెక్క చూద్దాం. రానుపోను ప్రధాన టికెట్ 480 అనుకుందాం. ఏడు దేశాలంటే ఆరుసార్లు సరిహద్దు దాటాలి. చవక విమానమే అయినా, బ్యాగు రుసుము, విమానాశ్రయానికి వెళ్లిరావడం కలుపుకుంటే ఒక్కోసారి 80 దాకా అవుతుంది. అంటే ఇంకో 480. వీసాలన్నిటికీ 100, ఇన్సూరెన్స్ 50 వేసుకోండి. మిగిలేది 690. అందులో అత్యవసరానికి 250 ముట్టుకోకుండా పక్కన పెడితే మీ చేతిలో ఉండేది 440. రోజుకు 21 డాలర్లు. సింగపూర్‌లో అది యాత్రికుల హాస్టల్‌లో ఒక మంచానికే పోతుంది.

అదే రెండు దేశాలు పెట్టుకుని చూడండి. వియత్నాంలోని హనోయ్‌లో దిగి కంబోడియా నుంచి తిరిగి వచ్చేలా టికెట్ 520, వీసాలు 60, ఇన్సూరెన్స్ 50, రైళ్లు బస్సులు 110. మిగిలేది 1,060. అత్యవసరం 250 తీసేస్తే 810. రోజుకు 38 పైచిలుకు. డబ్బు అంతే, రోజులు అంతే. రోజుకు 21 ఎక్కడ, 38 ఎక్కడ!

రాత్రిరైలు:
లెక్క సరే గానీ అన్నా, ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడు వెళ్తుందో తెలియదంటోంది కదా. వయసులో ఉన్నప్పుడే తిరగాలి. రాత్రిపూట బస్సులో, రైల్లో ప్రయాణం పెట్టుకుంటే బస ఖర్చు మిగులుతుంది, పగలంతా ఊరు చూడొచ్చు. నేను 18 రోజుల్లో ఐదు దేశాలు అలాగే తిరిగాను. మరీ రెండే అంటే మనసు చిన్నబోతుంది.

నిదానం:
తమ్ముడూ, నువ్వు తిరిగావు, నేను కాదనను. కానీ ఒక్కటి గుర్తు తెచ్చుకో. రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లవారి ఐదింటికి కొత్త ఊళ్లో దిగుతావు. గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. నిద్ర లేదు, స్నానం లేదు, వీపున సంచి. ఆ పూట నువ్వు నిజంగా ఏం చూశావు? కాళ్లు లాగి టాక్సీ ఎక్కుతావు, ఎక్కడ కనిపిస్తే అక్కడ కూర్చుని అడిగినంత ఇచ్చి తింటావు. రాత్రి మిగిల్చింది పొద్దునే కరిగిపోతుంది. మూడు నాలుగు రోజులకొకసారి రాత్రి ప్రయాణం అయితే సరే. వరసగా మూడు రాత్రులు వద్దు.

నాకు 57 ఏళ్లు. పాతికేళ్లుగా ఏడాదికోసారి తక్కువ డబ్బుతోనే తిరుగుతున్నాను. నాకు తెలిసింది ఒక్కటే. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు తక్కువ కదలాలి. ఒక ఊళ్లో నాలుగో రోజుకు చవగ్గా, బాగా తినే చోటు తెలుస్తుంది. ఏ బస్సు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. గది అద్దె వారానికి మాట్లాడుకుంటే తగ్గుతుంది. మూడో రోజే సంచి సర్దేవాళ్లకు ఇవేవీ దొరకవు. ప్రతి ఊళ్లోనూ మొదటి రోజు ధరలే కడుతుంటారు.

రాత్రిరైలు:
మీ మాటలో నిజం ఉంది. అయినా ఐదు దేశాలు తిరిగినందుకు నాకు బాధ లేదు. ఆ వేగంలో ఉన్న ఆనందం వేరు. కాకపోతే ఒక దెబ్బ తిన్నాను, అది చెప్పాలి. రెండు వేర్వేరు విమాన సంస్థల టికెట్లు విడివిడిగా కొన్నాను, కలిపి కొంటే వంద ఎక్కువని. మధ్యలో మూడు గంటలే పెట్టుకున్నాను. మొదటి విమానం రెండు గంటలు లేటు. విడి టికెట్లు కాబట్టి నా బ్యాగు నేనే తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. రెండో సంస్థకు సంబంధం లేదు, మొదటి సంస్థకూ లేదు. అక్కడికక్కడ కొత్త టికెట్ మూడింతల ధరకు కొన్నాను.

ఒకే బుకింగ్ కింద ఉన్న టికెట్టయితే తర్వాతి విమానంలో వాళ్లే పంపేవాళ్లు. విడిగా కొంటే మధ్యలో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి.

సరిహద్దు:
దీనికి ఒకటి చేర్చాలి. విడి టికెట్లతో బ్యాగు తీసుకోవడానికి బయటకు రావాలంటే మధ్యలో ఉన్న ఆ దేశానికి కూడా వీసా అవసరం పడొచ్చు. అది లేకపోతే మొదటి విమానమే ఎక్కనివ్వరు.

@మొదటి_అడుగు, వియత్నాం ఇప్పుడు అన్ని దేశాలవాళ్లకూ ఈ-వీసా ఇస్తోంది. 2023 ఆగస్టు నుంచి దాని గడువు 90 రోజులు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50. ప్రభుత్వ సైట్‌లోనే నింపండి. వెతికితే అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, రెండింతలు మూడింతలు గుంజుతాయి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే ఉండాలి. ఇంటిపేరు, అసలు పేరు అటూ ఇటూ అయితే ఆ వీసా పనికిరాదు, కట్టిన డబ్బు తిరిగి రాదు. ఏ సరిహద్దు నుంచి ప్రవేశిస్తారో కూడా అందులో రాయాలి.

పాస్‌పోర్టు గడువు ఒకసారి చూసుకోండి. చాలా దేశాలు ప్రవేశించే రోజు నుంచి కనీసం ఆరు నెలలు ఉండాలంటాయి. ఖాళీ పేజీలు కూడా చూస్తారు. తిరుగు టికెట్ కాగితం మీద ముద్రించి చేతిలో పెట్టుకోండి. అడిగినప్పుడే ఫోన్ చార్జింగ్ అయిపోతుంది.

మొదటి_అడుగు:
అందరికీ ధన్యవాదాలు. 21కి 38కి తేడా చూసి రాత్రి నిద్ర పట్టలేదు. ఏడు దేశాల జాబితా గోడకు అంటించుకున్నాను, దాన్ని కొట్టేయడానికి చేతులు రావట్లేదు. సింగపూర్, బాలి మాత్రం తీసేశాను.

ఇంకో ప్రశ్న. ఇన్సూరెన్స్ నిజంగా కావాలా? ఆ 50 డాలర్లతో ఒక రోజు పైనే గడుస్తుంది. నాకు 26 ఏళ్లు, ఆరోగ్యంగానే ఉన్నాను.

వానాకాలం:
ఇది చూసి లాగిన్ అయ్యాను. సాధారణంగా చదివి వెళ్లిపోతాను.

నేనూ ఆరోగ్యంగానే ఉన్నాను. హాస్టల్ మెట్లు తడిగా ఉన్నాయి. చేతిలో బట్టల బకెట్. చివరి మెట్టు కనిపించలేదు. చీలమండ దగ్గర టప్‌మని చప్పుడు వినిపించింది, నొప్పి ఆ తర్వాత వచ్చింది. రెండుచోట్ల విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నారు. ఆసుపత్రి కౌంటర్‌లో ఆమె నెమ్మదిగానే, మర్యాదగానే అడిగిన మొదటి మాట: "ఎవరు కడతారు?"

పాలసీ కాగితం ఫోన్ కవర్ వెనక మడిచి పెట్టుకునే అలవాటు ఉంది. పక్క మంచం అమ్మాయి ఆ నంబరుకు ఫోన్ చేసింది. గంటన్నరలో వాళ్ల నుంచి హామీ వచ్చింది, అప్పుడు లోపలికి తీసుకెళ్లారు. వచ్చిన బిల్లు నా ప్రయాణం ఖర్చు మొత్తానికి ఎన్నో రెట్లు. ఆ పాలసీ లేకపోతే మా అమ్మానాన్న ఇల్లు తాకట్టు పెట్టేవాళ్లు. అతిశయోక్తి కాదు, నిజంగా పెట్టేవాళ్లు.

ఇన్సూరెన్స్ డబ్బు లేకపోతే రెండు రోజులు ముందుగా తిరిగి రండి. అది మాత్రం మానకండి. ఆసుపత్రిలో చేరక ముందే వాళ్లకు ఫోన్ చేయాలన్న నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది, చదువుకోండి.

ఒకేసంచి:
వానాకాలం గారూ, ఇప్పుడు కాలు ఎలా ఉంది?

మొదటి_అడుగు గారూ, పాలసీలో ఇంకో చోట కూడా వేలు పెట్టి చదవండి: మోటార్ సైకిల్. అక్కడ స్కూటర్లు అద్దెకు చవగ్గా ఇస్తారు, లైసెన్సు అడగరు. కానీ చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ చెల్లదు. అద్దెకిచ్చేవాళ్లు పాస్‌పోర్టు తాకట్టు అడుగుతారు, ఇవ్వకండి. ఫోటోకాపీ ఇవ్వండి, లేదా నగదు డిపాజిట్ ఇవ్వండి. పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉంటే తిరిగి ఇచ్చేటప్పుడు ఏ పాత గీత చూపించినా మీరు కట్టక తప్పదు.

సామాన్ల సంగతికొస్తే ఏడు కిలోల్లో సర్దుకోండి. చవక విమానాల్లో టికెట్ కంటే బ్యాగు ఖరీదెక్కువ అయిన రోజులున్నాయి. మూడు జతల బట్టలు, ఒక సబ్బు, బట్టలు ఆరేయడానికి నాలుగు మీటర్ల తాడు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. 100 వాట్ అవర్లలోపు అయితే ఇబ్బంది లేదు.

వానాకాలం:
కాలు బాగుంది, అడిగినందుకు సంతోషం. చలికాలంలో కొంచెం లాగుతుంది. మళ్లీ రెండుసార్లు వెళ్లొచ్చాను కూడా.

గూటిపిట్ట:
చెల్లీ, ఒంటరిగా వెళ్లే అమ్మాయికి ఎవరూ చెప్పని లెక్క ఒకటి ఉంది. మనకు రాత్రి 11 గంటలకు దిగే విమానం చవకైనది కాదు. ఆ టైములో బస్సులుండవు, ఎవరో తెలియని టాక్సీలో వెళ్లాలి, లేదంటే విమానాశ్రయంలో తెల్లవారేదాకా కూర్చోవాలి. 30 డాలర్లు ఎక్కువైనా పగలు దిగే విమానం తీసుకో. మొదటి రెండు రాత్రుల బస ముందే బుక్ చేసుకో. తర్వాతవి అక్కడికెళ్లాక చూసుకోవచ్చు.

డార్మ్‌లో, అంటే చాలామంది కలిసి పడుకునే హాస్టల్ గదుల్లో, ఆడవాళ్లకు మాత్రమే అని ఉన్న గదికి ఒకటి రెండు డాలర్లు ఎక్కువ తీసుకుంటారు, ఇచ్చేయి. రివ్యూలు చదివేటప్పుడు గత మూడు నెలల్లో ఆడవాళ్లు రాసినవే చదువు. మంచానికి తెర ఉందా, లాకర్ ఉందా, రాత్రి కౌంటర్‌లో ఎవరైనా ఉంటారా, ఈ మూడూ చూడు. తాళం నీది తీసుకెళ్లు. డబ్బు రెండు చోట్ల పెట్టుకో, కార్డులు కూడా రెండు, విడివిడిగా. ఇంట్లోవాళ్లకు రోజూ ఒకే టైముకు మెసేజ్ పెడతానని చెప్పి, ఆ మాట తప్పకు. వాళ్ల టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

భయపెట్టడానికి చెప్పట్లేదు. నేను 11 దేశాలు ఒంటరిగా తిరిగాను. ఎక్కువ మంది మంచివాళ్లే తగిలారు. ఒక ఊళ్లో వాన పడుతుంటే ఒకావిడ తన గొడుగు నా చేతిలో పెట్టి తను తడుస్తూ వెళ్లిపోయింది.

దూరపుకొండ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు యూరప్ వెళ్లాలని ఉంది, బడ్జెట్ ఇలాగే తక్కువ. హాస్టల్‌లో నాలుగు గంటలు పని చేస్తే ఉచితంగా మంచం ఇస్తామని వెబ్‌సైట్లలో చూశాను. అలా నెల గడిపేయొచ్చా?

సరిహద్దు:
దీని గురించి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నన్ను వెనక్కి పంపారు. దేశం పేరు చెప్పను. ఇమిగ్రేషన్‌లో "ఎందుకొచ్చారు" అని అడిగితే, చూడ్డానికి వచ్చాను, రెండు వారాలు హాస్టల్‌లో సాయం చేస్తానని నిజాయితీగా చెప్పాను. పక్క గదికి తీసుకెళ్లారు. ఫోన్ తీసుకుని మెసేజ్‌లు చదివారు. జీతం లేకపోయినా, మంచానికి బదులు పని చేస్తే అదీ పనే అన్నారు, టూరిస్టు వీసా మీద కుదరదన్నారు. తర్వాతి విమానంలో పంపేశారు. అప్పటి నుంచి ప్రతి వీసా ఫారంలో "ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా" అన్న ప్రశ్న దగ్గర అవును అని రాస్తున్నాను.

అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల అనుమతి ఉంటుంది, దానికి తగ్గ వీసా వేరుగా ఉంటుంది. ముందు అది కనుక్కుని అప్పుడు వెళ్లండి. అబద్ధం చెప్పి దాటేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా గురించి: 29 దేశాలు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకూడదు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, 2024 జూన్ నుంచి. నిరాకరిస్తే తిరిగి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కడ ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని వేరే దేశానికి పెట్టి తిప్పలు పడేవాళ్లను చాలామందిని చూశాను.

నిదానం:
యూరప్‌లో తక్కువ డబ్బుతో బతకడం కష్టమే గానీ, అక్కడ ఉచితంగా దొరికేవి ఎక్కువ. రోమ్‌లో వీధి వీధికీ "నసోని" అని ఇనుప కుళాయిలుంటాయి, రెండు వేలకు పైగా ఉన్నాయి. రాత్రీ పగలూ చల్లటి నీళ్లు వస్తూనే ఉంటాయి. కింద ముక్కులా వంగిన గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. నాకు ఒక బడిపిల్లాడు నేర్పాడు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు ఉచితం. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ ఎప్పుడూ ఉచితమే, కానీ బ్రిటన్‌కు వీసా వేరు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సు, ట్రాము, రైలు రెండో తరగతి ఎవరికైనా ఉచితం.

నడిచే ఓపిక ఉంటే స్పెయిన్‌లో కామినో అనే కాలినడక తీర్థయాత్ర దారి చూడు దూరపుకొండా. యాత్రికుల పుస్తకం చేతిలో ఉంటే దారి పొడవునా సత్రాల్లో మంచం చవగ్గా ఇస్తారు. కొన్ని సత్రాల్లో ధరే ఉండదు, పెట్టెలో తోచినంత వేయొచ్చు. నిజంగా డబ్బు లేని యాత్రికుడి కోసం పెట్టిన పెట్టె అది. కాబట్టి ఉన్నవాళ్లం వేయకుండా లేవకూడదు.

ఒకేసంచి:
హాస్టళ్ల మాట వచ్చింది కాబట్టి నాకు ఇష్టమైన సంగతి ఒకటి. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు పిల్లలను నడకయాత్రకు తీసుకెళ్లాడు. దారిలో పెద్ద గాలివాన. ఒక ఊరి బడిలో గడ్డి పరుచుకుని రాత్రి గడిపారు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, నడిచేవాళ్లకు పడకలుగా ఇవ్వొచ్చు కదా అని ఆ రాత్రే ఆయనకు తట్టింది. తర్వాత ఆల్టెనా కోటలో హాస్టల్ పెట్టాడు. ఆ కోటలో ఇప్పటికీ హాస్టల్ నడుస్తోంది. మనం ఇవాళ బంకు మంచం ఎక్కుతున్నామంటే ఆ వాన పుణ్యమే.

లెక్కలపుస్తకం:
యూరప్ రైలు పాస్ కొనేవాళ్లు ఒక విషయం గమనించండి. పాస్ ఉన్నా చాలా హైస్పీడ్ రైళ్లకు, రాత్రి రైళ్లకు రిజర్వేషన్ రుసుము వేరే కట్టాలి. నాలుగైదు ప్రయాణాలే ఉంటే ముందుగా విడి టికెట్లు కొనడమే చాలాసార్లు చవక. రెండూ లెక్కేసి చూడండి.

విమానం లేటయితే ఊరుకోకండి. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ విమానానికైనా, మూడు గంటలు దాటి ఆలస్యంగా గమ్యం చేరితే, తప్పు సంస్థదే అయితే, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం అడిగే హక్కుంది. 2004 నాటి 261 నంబరు నిబంధన అది. వాతావరణం వల్ల ఆగిపోతే పరిహారం రాకపోవచ్చు గానీ భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే గది వాళ్లే చూడాలి.

కార్డు గీకేటప్పుడు, ఏటీఎం దగ్గర "మీ దేశం కరెన్సీలో కడతారా" అని తెర మీద అడుగుతుంది. ఎప్పుడూ వద్దనే నొక్కండి. అక్కడి కరెన్సీలోనే కట్టండి. చూడ్డానికి సాయంలా ఉంటుంది గానీ ఆ మారకం రేటు మనకు నష్టం. ఏటీఎంలో ప్రతిసారీ రుసుము ఉంటుంది కాబట్టి నాలుగుసార్లు కొంచెం కొంచెం కంటే ఒకేసారి తీయడం మేలు.

మొదటి_అడుగు:
నిర్ణయం అయిపోయింది. గోడ మీద జాబితా తీసేశాను. వియత్నాం, కంబోడియా, అంతే. హనోయ్‌లో పగలు 11కి దిగుతాను, కంబోడియాలోని సియెం రీప్ నుంచి తిరుగు ప్రయాణం. అమ్మకు వానాకాలం గారి పోస్టు చదివి వినిపించాను. భయపడుతుందనుకున్నాను. "ఇన్సూరెన్స్ కాగితం నాకూ ఒకటి ఇవ్వు" అంది. అంతే.

సియెం రీప్ పక్కనే ఉన్న అంగ్‌కోర్ వాట్ గుళ్ల టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62 అని చూశాను. మూడు రోజులది తీసుకోవాలా?

రాత్రిరైలు:
మూడు రోజులదే తీసుకో. ఆ మూడు రోజులు వరసగా ఉండక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడైనా సరే. మధ్యలో ఒక రోజు విశ్రాంతి పెట్టుకో, ఎండ మామూలుగా ఉండదు. సాయంత్రం 5 తర్వాత టికెట్ కొంటే ఆ పూట సూర్యాస్తమయానికి లోపలికి పంపుతారు, లెక్క మర్నాటి నుంచి మొదలవుతుంది. ఐదు దేశాలు తిరిగినా నేను అంగ్‌కోర్‌లో ఒక్క రోజే ఉన్నాను. అది మాత్రం తప్పే చేశాను, ఒప్పుకుంటున్నాను.

ఇంకోటి, కంబోడియాలో డాలర్లు నడుస్తాయి, కానీ కొంచెం చిరిగినా గీత ఉన్నా తీసుకోరు. నోట్లు తీసుకునేటప్పుడే తిప్పి చూడు. ఒక డాలరు లోపు చిల్లర రియెల్స్‌లో ఇస్తారు, డాలరుకు దాదాపు 4,000.

నిదానం:
వెళ్లిరా తల్లీ. వచ్చాక ఇక్కడే రాయి.

*(నాలుగు నెలల తర్వాత)*

మొదటి_అడుగు:
వచ్చి మూడు వారాలైంది. రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ముందు లెక్క, లెక్కలపుస్తకం గారి కోసం. టికెట్ 534. వీసాలు 60. ఇన్సూరెన్స్ 46. రైళ్లు, బస్సులు 128. అంగ్‌కోర్ 62. బస, తిండి, మిగతావన్నీ కలిపి 760. మొత్తం 1,590. చేతిలో 210 మిగిలాయి. ఆ 250 ముట్టుకుంది ఒక్కసారే, హనోయ్‌లో కడుపు పాడై రెండు రోజులు డార్మ్ వదిలి విడి గది తీసుకున్నప్పుడు.

వియత్నాంలో 20,000 డాంగ్ నోటు, 500,000 నోటు రెండూ నీలంగానే ఉంటాయి. ఇది ఇక్కడ ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. చీకట్లో రోడ్డు పక్క బండి దగ్గర పండ్లు కొని, 20,000 అనుకుని పెద్ద నోటు ఇచ్చి నడిచి వచ్చేశాను. వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు. నన్ను కాదనుకుని ఇంకా వేగంగా నడిచాను. ఆ పండ్లావిడ బండి వదిలేసి పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుంది. రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి సున్నాలు వేలితో లెక్కపెట్టి చూపించింది. దాదాపు 20 డాలర్లు. నా అరరోజు ఖర్చు, ఆమెకు ఎన్ని రోజుల లాభమో. ఆ రాత్రి నుంచి పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకున్నాను.

మధ్య వియత్నాంలోని హ్యూ ఊళ్లో రెండు రోజులనుకున్నది ఆరు రోజులున్నాను. నిదానం గారూ, మీరన్నట్టే అయింది. మూడో రోజుకల్లా గెస్ట్‌హౌస్ ఆవిడ గది అద్దె తనే తగ్గించింది. ఐదో రోజు తన కూతురి సైకిల్ ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. నది ఒడ్డున పాత రాజుల సమాధుల దాకా ఆ సైకిల్ మీదే వెళ్లొచ్చాను. ఏడు దేశాల ప్లాన్‌లో హ్యూ అసలు లేనే లేదు.

అంగ్‌కోర్‌కు మధ్యలో ఒక రోజు ఆపి మూడు రోజులు వెళ్లాను. మూడో రోజు కొత్తగా ఏమీ చూడలేదు, మొదటి రోజు చూసిన బాయోన్ గుడికే మళ్లీ వెళ్లి పొద్దున్నే రెండు గంటలు ఊరికే కూర్చున్నాను. ఎండ జరిగే కొద్దీ గోపురాల మీద చెక్కిన రాతి ముఖాలు ఒక్కొక్కటే తేటపడుతున్నాయి.

వానాకాలం:
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. క్షేమంగా వచ్చావు, అదే చాలు.

దూరపుకొండ:
నాకు షెంజెన్ వీసా వచ్చింది, కామినోకు వెళ్తున్నాను. ఆ తర్వాత ఏడాదికి వియత్నాం అనుకుంటున్నాను. హనోయ్ నుంచి రైల్లో వెళ్లారా? ఏ బెర్తు తీసుకోవాలి?

మొదటి_అడుగు:
అభినందనలు! హనోయ్ నుంచి హ్యూ దాకా రాత్రి రైలు తీసుకున్నాను. ఆరు బెర్తుల గదిలో పైది అన్నిటికంటే చవక, కింది బెర్తు అన్నిటికంటే ఎక్కువ. పైన పడుకుంటే లేచి కూర్చోలేరు, కానీ సంచి తలగడ దగ్గరే ఉంటుంది, ఎవరూ వచ్చి మన మంచం మీద కూర్చోరు. నిద్రకైతే నాకు అదే నచ్చింది. హ్యూ నుంచి డానాంగ్‌కు మాత్రం పగటి రైలులో సీటు తీసుకోండి. హాయ్ వాన్ కనుమ దగ్గర రైలు కొండ అంచున పాకుతున్నట్టు పోతుంది, కింద సముద్రం. దక్షిణానికి వెళ్తుంటే ఎడమ వైపు కిటికీ అడగండి.